మీట దిగని పూలమ్మ

కాలవగట్టు పక్కన కొబ్బరితోటలో ఒక మకాం ఉండేది. మకాం అంటే మేడ అనుకునేరు! ఒక పెద్ద పాక, వెనక గడ్డిమేటు, చుట్టూ తాటాకుల దడి, అంతే. అందులో ఉండే జంతువుల నోళ్లు మాత్రం ఊరంత పెద్దవి.

ఆ మకాం ఆసామికి కొత్త సరదాలెక్కువ. కిందటేడు ఎవరో చెప్పారని పాక నడిమి రాటకి ఒక ఏఐ పెట్టె బిగించాడు. దానికి దడి పొడవునా నాలుగు కెమెరా కళ్లు, చప్పుడు వినడానికి చెవులు, గుడ్ల గంపల కింద తూకం పళ్లేలు. ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, ఏ గంప ఏ వేళప్పుడు ఎంత తేలికైంది, అన్నీ దాని కడుపులో ఉండేవి. రాట మొదట్లో పీటంత మీట. దాన్ని నొక్కిపట్టి అడిగితే పెట్టె ఆడగొంతుతో జవాబు చెప్పేది. ఆసామి దాన్ని ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి పిలిచేవాడు గానీ జంతువులన్నీ దానికి లెక్కలమ్మ అని పేరు పెట్టుకున్నాయి.

కొత్తలో బాతు బంగారమ్మ ఒక్కతే ఆ మీటెక్కి "నేను అందంగా ఉన్నానా?" అని పొద్దస్తమానం అడుగుతూ కూర్చుంది. దాంతో మకాం పెద్ద అయిన పెద్దెద్దుకి విసుగెత్తిపోయింది. "ఇకమీదట పంచాయతీ కూర్చున్నప్పుడే అడగాలి. ఒకరికి ఒకే వంతు. మీట పైకి లేచిందంటే వంతు అయిపోయినట్టే," అని కట్టడి చేశాడు. మీట కింద స్ప్రింగు చాలా గట్టిది. ఎవరు నొక్కినా నాలుగు మాటలయ్యేసరికి కాలు లాగేసేది. అంచేత మకాంలో ప్రశ్నలన్నీ పొట్టివే.

ఇక మన పూలమ్మ. మూడు రంగుల ఈకలున్న పెట్ట, నోటినిండా ప్రశ్నలు. నూకలు జల్లితే "ఇవి ఏ బస్తావి? పురుగు చూశారా? నిన్నటివి ఏమయ్యాయి?" అని అడిగి గానీ ముక్కు పెట్టేది కాదు. "దీని నస భరించలేం తల్లీ," అని తక్కిన పెట్టలు దూరంగా పోయేవి. ఆ నసే ఒకరోజు మకాం మొత్తానికి అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

ఆ ఏడు పూలమ్మ పదమూడు గుడ్లు పెట్టుకుని పొదగడానికి కూర్చుంది. పదో రోజు మధ్యాహ్నం, పనివాళ్లు భోజనాలకి వెళ్లిన వేళ, నాలుగు గింజలు తిని గుక్కెడు నీళ్లు తాగొద్దామని గంప దిగింది. తిరిగొచ్చి చూస్తే తొమ్మిదే ఉన్నాయి.

"అయ్యో నా గుడ్లు! నాలుగు గుడ్లర్రా! ఇప్పుడే ఇక్కడే ఉన్నాయర్రా!" అని పాక ఎగిరిపోయేలా అరిచింది. పక్క గంపల పెట్టలు కూడా గొంతు కలిపాయి. నెల రోజులుగా తమ గుడ్లూ ఒకటీ అరా పోతూనే ఉన్నాయట. ఎవరికి వాళ్లు లెక్క తప్పామనుకుని ఊరుకున్నారట.

మర్నాడు పొద్దున్నే పెద్దెద్దు పంచాయతీ పెట్టాడు. అందరూ వచ్చారు. కంట్లో పొర వచ్చిందని మూడు రోజులు పశువుల ఆసుపత్రిలో ఉండి, ఆ పొద్దున్నే తిరిగొచ్చిన కాపలాకుక్క సింగన్న కూడా వచ్చి ఓ మూల కూలబడ్డాడు. పిలవని పేరంటానికి ముంగిస గవర్రాజు కూడా వచ్చాడు. గవర్రాజు కాపురం కాలవగట్టున. పాముల్ని చంపుతాడని పేరు. ఎడమ చెవి అంచు చిరిగి ఉంటుంది. "నాగుపాము కొరికిన గుర్తు," అని కనపడ్డవాళ్లందరికీ చూపించుకునేవాడు. అంచేత అతను వస్తే పెద్దెద్దు కూడా "రండి గవర్రాజు గారూ," అనేవాడు.

"పోగొట్టుకున్న మనిషి ముందు అడగనీయండి," అన్నాడు పెద్దెద్దు.

పూలమ్మకి కంగారు. ఒక్క ఎగురు ఎగిరి ఒంటికాలితో మీట తొక్కి "నా గుడ్లేవీ?" అని అరిచింది. స్ప్రింగు ఎగదన్నేసరికి పక్కకి పడింది.

"మీ గుడ్లు తొమ్మిది. మీ గంపలోనే ఉన్నాయి," అంది లెక్కలమ్మ ఎంతో మర్యాదగా.

పాకంతా గొల్లుమంది.

"అవి కాదే తల్లీ! పోయినవి..."

"వంతు అయిపోయిందమ్మా," అన్నాడు పెద్దెద్దు.

పూలమ్మ తల దించుకుని గంపెక్కి కూర్చుంది. గవర్రాజు ముందుకొచ్చి, ఒళ్లు దులుపుకుని, రెండు ముందుకాళ్లూ మీట మీద మోపి, గొంతు సవరించుకున్నాడు.

"లెక్కలమ్మా, సింగన్న మధ్యాహ్నం పూట మొరిగిన ప్రతి రోజూ గుడ్లు తగ్గాయా, లేదా? వివరాలొద్దు. అవునా కాదా, ఒక్క ముక్కలో చెప్పు."

"అవును."

గవర్రాజు కాళ్లు తీసేసి అందరి వైపూ తిరిగాడు. "విన్నారా? ఇది నేనన్న మాట కాదు, పెట్టె అన్న మాట. ఆయన అరుస్తాడు, మనమంతా అటు చూస్తాం, ఇటు గుడ్డు గుటుక్కున పోతుంది. పెద్దవాడు, అనకూడదు గానీ, కాపలాదారు చేసే పనేనా ఇది?"

"నాకెప్పట్నుంచో అనుమానమే," అంది బాతు బంగారమ్మ. దానికేమీ అనుమానం లేదు. మధ్యాహ్నం నిద్ర చెడగొడతాడని సింగన్న మీద కోపం, అంతే.

పెట్టలు చెవులు కొరుక్కున్నాయి. పెద్దెద్దు నెమరు వేయడం మానేసి నేల చూపులు చూశాడు. సింగన్న నెమ్మదిగా లేచాడు.

"పెద్దయ్యా, పన్నెండేళ్లు ఈ గుమ్మం కాశాను. నామీద నమ్మకం లేని చోట నేను ఒక్క పూట కూడా ఉండను. రేపు పనివాళ్లు భోజనాలకి లేచేలోగా వెళ్లిపోతాను. ఇవాళొక్కరోజు ఉంటాను, కళ్లు బాగా ఆనడం లేదు."

ఆగమని ఒక్కరూ అనలేదు. పూలమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. గవర్రాజు గంప దగ్గరికొచ్చి ఓదార్చాడు. "బెంగపెట్టుకోకమ్మా పూలమ్మా. రేపట్నుంచి నీ గంప దగ్గర నేనుంటాగా కాపలా." అంటూ గుడ్ల వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి పూలమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. సింగన్న వెళ్లిపోతే ఆ తొమ్మిదీ పిల్లలవ్వడం కల్ల అని దానికి అప్పుడే తెలిసిపోయింది.

సాయంత్రం పూలమ్మ మేతకి దిగుతూ బాతుని పిలిచింది. పిలిచిందే గానీ ముందుసారి జరిగింది గుర్తొచ్చి ఆగింది. అప్పుడు "నా గుడ్లు కాస్త చూస్తూ ఉండవే వదినా," అని వెళితే, వచ్చేసరికి బంగారమ్మ గంప ముందు నిలబడి కళ్లార్పకుండా గుడ్లనే చూస్తోంది. గుడ్లు చల్లబడిపోయాయి. "చూడమన్నావుగా, చూస్తున్నా!" అంది పైగా.

ఈసారి పూలమ్మ విడమరిచి చెప్పింది. "వదినా, గంపెక్కి గుడ్ల మీద కూర్చో. ఒంటికి తగిలేలా కూర్చో, బరువు వేయకు. మధ్యలో ఒకసారి ముక్కుతో తిప్పు. నేనొచ్చేవరకూ దిగకు. దాహం వేసినా దిగకు."

"అలా చెప్పొచ్చుగా!" అని బంగారమ్మ చక్కగా ఎక్కి కూర్చుంది.

పూలమ్మ వలిచేసిన కొబ్బరి డొక్కల కుప్ప పక్కన పడుకున్న సింగన్న దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, నిజం చెప్పు. నువ్వు అసలు ఎందుకు మొరుగుతావు?"

"ఎందుకేంటే? గడ్డిమేటు వెనక సరసర మంటే మొరుగుతా. కళ్లు ఆనవు కదా, నేను లేచి వెళ్లేలోగా ఏదో జారిపోతుంది. ఎక్కడినుంచి పోతుందో నాకు తెలియదు. శుక్రవారం మాత్రం ఆసామి బండి చప్పుడుకి మొరుగుతా. అది సంతోషంలే."

"శుక్రవారం ఆసామే గంపల్లో గుడ్లు తీసుకెళతాడుగా!"

"తీసుకెళతాడు. అయితే?"

"అయితే అవి కూడా తగ్గినట్టే కదా బాబాయ్, దాని లెక్కలో! దానికెవరు చెప్పారు అవి ఆసామివని? ఆగాగు. నా నాలుగు గుడ్లూ పోయిన రోజు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నువ్వు లేకుండానే పోయాయి!"

సింగన్న చెవులు లేచాయి. "మరి లెక్కలమ్మ అవునందేం?"

"అబద్ధమాడలేదు. మొరిగిన రోజు గుడ్లు తగ్గిన మాట నిజమే. ఎందుకు తగ్గాయో గవర్రాజు అడగలేదు, మొరగని రోజు సంగతీ అడగలేదు, ఒక్క ముక్క చాలన్నాడు. అది ఒక్క ముక్కే చెప్పింది. నేను మాత్రం ఏం అడిగాను? నా గుడ్లేవీ అన్నాను, ఉన్నవాటిని చూపించింది. అచ్చం మా బాతు వదినే బాబాయ్! మొద్దు కాదు. మన ఇంటి సంగతులు దానికి తెలియవు. ఏం కావాలో, ఎందుకు కావాలో మనమే విడమరిచి చెప్పాలి."

"అంత చెప్పేదాకా మీట ఎక్కడ ఆగుతుందే? పెద్దెద్దు కాలే లాగేస్తుంది."

పూలమ్మ గబగబా వచ్చి గంపెక్కి, చీకటి పడేదాకా తనలో తాను ఏదో గొణుక్కుంటూ కూర్చుంది.

తెల్లవారింది. "పెద్దయ్యా, బాబాయ్ గడప దాటేలోగా ఇంకొక్కసారి పంచాయతీ పెట్టండి. కొత్త పంచాయతీకి కొత్త వంతు. మీరు పెట్టిన కట్టడే," అంది పూలమ్మ.

పెద్దెద్దు కాదనలేకపోయాడు. బంగారమ్మ మళ్లీ గంపెక్కి గుడ్ల మీద కూర్చుంది, తక్కిన అందరూ చేరారు. గవర్రాజు మీసాలు దువ్వుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "అడగనీయండి పాపం, పొట్టిగా అడుగుతుంది," అని నవ్వాడు కూడా.

పూలమ్మ మీట దగ్గరికి వెళ్లింది. ఎగరలేదు, తొక్కలేదు. నెమ్మదిగా ఎక్కి, రెక్కలు వెడల్పు చేసి, కాళ్లు ముడుచుకుని, గుడ్ల మీద కూర్చున్నట్టు ఒళ్లంతా వాల్చి కూర్చుంది. మీట అణిగింది. అణిగి అలాగే ఉండిపోయింది.

ఇరవయ్యొక్క రోజులు కదలకుండా కూర్చునే పొదుగుపెట్ట! దాన్ని ఆ స్ప్రింగా లేపేది?

"లెక్కలమ్మా," అని మొదలెట్టింది, "ముందు నా సంగతి విను. నా పేరు పూలమ్మ, పొదుగులో ఉన్న పెట్టని. గంపల్లో గుడ్లు ఎవరు తీస్తున్నారో నాకు తెలియాలి. ఒక పెద్దాయన పరువు, నా తొమ్మిది గుడ్ల ప్రాణం దీనిమీద ఉన్నాయి. అంచేత తొందరపడకు. గడిచిన నెల రోజులూ తీసుకో. అందులో శుక్రవారాలు వదిలెయ్యి, ఆ రోజు గుడ్లు తీసేది ఆసామే. ఆమధ్య గాలివానకి కొబ్బరిమట్ట పడి నీ కళ్లు పనిచేయని రోజు కూడా వదిలెయ్యి, ఊహించి చెప్పొద్దు..."

"ఇది ప్రశ్నా, హరికథా?" అన్నాడు గవర్రాజు.

"మీట లేచిందా?" అన్నాడు పెద్దెద్దు.

"లేవలేదు," అన్నాయి పెట్టలన్నీ.

"అయితే వంతు నడుస్తోంది. కానీయమ్మా."

"మిగిలిన రోజుల్లో పనివాళ్లు భోజనానికి వెళ్లి తిరిగొచ్చేలోగా ఏం జరిగిందో చూడు. ఎవరు ఎటునుంచి లోపలికొచ్చారు, సింగన్న ఎప్పుడు మొరిగాడు, గంప ఎప్పుడు తేలికైంది, వచ్చినవాళ్లు ఎప్పుడు పోయారు? ఏది ముందు, ఏది వెనక, వరసలో కావాలి నాకు. సింగన్న మొరిగిన రోజులు ఒక పక్క, మొరగని రోజులు ఒక పక్క, అసలు మకాంలోనే లేని మూడు రోజులు ఇంకో పక్క పెట్టి, దేంట్లో ఎన్ని గుడ్లు పోయాయో చెప్పు. అవును కాదు అని తేల్చొద్దు. తెలియనిది తెలియదని చెప్పు. చెప్పేది మా బాతు వదినకి కూడా అర్థమయ్యేలా చెప్పు."

"పూలమ్మా!" అని గంపలోంచి అరిచింది బంగారమ్మ. "గుడ్లు తిప్పేశాను. దాహం వేస్తోంది, దిగొచ్చా?"

"దిగావంటే చంపేస్తా వదినా! నేనొచ్చేవరకూ అన్నానా లేదా?"

రాట మీద చిన్న ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమంది. పూలమ్మ ఆ దీపం వైపే చూస్తూ లోలోపల గొణుక్కుంది. అడిగింది సరిగ్గా అడిగానో లేదో, ఏం వదిలేశానో!

"మీరు వదిలేయమన్నవి పోగా ఇరవై అయిదు రోజులు మిగిలాయి," అంది లెక్కలమ్మ. "సింగన్న మొరిగిన రోజులు తొమ్మిది. ప్రతి రోజూ ఇదే వరస. ముందు వెనక దడిలో, గడ్డిమేటు చాటున ఉన్న కంతలోంచి ఒకరు లోపలికి వస్తారు. గంపలో ఒక గుడ్డు బరువు తగ్గుతుంది. అప్పుడు సింగన్న మొరుగుతాడు. వెంటనే వచ్చినవాళ్లు అదే కంతలోంచి పరుగున పోతారు. అలా పోయినవి తొమ్మిది గుడ్లు. సింగన్న ఉండి, మొరగని రోజులు పదమూడు. ఆ రోజుల్లో కంతలోంచి ఎవరూ రాలేదు, ఒక్క గుడ్డు కూడా పోలేదు. సింగన్న మకాంలో లేనివి మూడు రోజులు. ఆ మూడు రోజులూ వచ్చినవాళ్లు తాపీగా వచ్చి, తాపీగా వెళ్లారు. రోజుకి నాలుగు చొప్పున పన్నెండు గుడ్లు పోయాయి. బాతుగారి కోసం చెబుతున్నాను, సింగన్న మొరగడం వల్ల గుడ్లు పోలేదు. మొరగబట్టే ఒక్కదానితో ఆగాయి."

"అర్థమైంది!" అంది బంగారమ్మ గంపలోంచి.

పెట్టలన్నీ ఒక్కసారి సింగన్న వైపు తిరిగాయి. సింగన్న మాత్రం అక్కడ లేడు. కంత అన్న మాట చెవిన పడగానే లేచి, ఎవరికీ చెప్పకుండా పాక వెనక్కి వెళ్లిపోయాడు.

గవర్రాజు లేచి నిలబడ్డాడు. "సరే, ఎవరో దొంగ ఉన్నాడు. మంచిదే. నేను పట్టుకుంటాలెండి. పూలమ్మా, జవాబొచ్చిందిగా, ఇక దిగు తల్లీ."

"నేనెక్కడ లేచాను గవర్రాజు గారూ? మీట అణిగే ఉందిగా. లెక్కలమ్మా, ఆ వచ్చింది ఎవరు?"

"పేరు తెలియదు. పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, గుబురు తోక. ఎడమ చెవి అంచు చిరిగి ఉంది."

గవర్రాజు ముందుకాలు చటాక్కున ఎడమ చెవి మీదికి పోయింది. పోకుండా ఉంటే ఎంత బాగుండేదో! పాకలో ఉన్న ప్రతి కన్నూ ఆ కాలి మీదే పడింది.

"నిన్న ఈ మీట నొక్కి నీతో మాట్లాడినవాళ్లని నువ్వు చూశావుగా. వాళ్లలో ఎవరితోనైనా పోలిక ఉందా?" అంది పూలమ్మ.

"ఉంది. రెండోసారి అడిగినవారితో పోలిక కలుస్తోంది. వందకి తొంభై అయిదు పాళ్లు. మిగిలిన అయిదు పాళ్లకి మీ కళ్లతో మీరే చూసుకోవాలి."

"చూస్తూనే ఉన్నాం," అన్నాడు పెద్దెద్దు. ఆ గొంతుకి పాక రాటలు అదిరాయి.

"ఇదా మర్యాద?" గవర్రాజు గొంతు కీచుమంది. "ఆ కంతలోంచి నేను వచ్చేది పాముల కోసం! మీ పిల్లల్ని కాపాడటానికి నా చెవి చింపుకుంటే, నన్ను దొంగంటారా?"

పెట్టలు కాస్త తగ్గాయి. పాము మాట అంటే వాటికి భయం. పూలమ్మ మాత్రం ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"లెక్కలమ్మా, ఈ నెలంతా ఈయన మన మకాంలో ఎన్ని పాముల్ని పట్టారు? నువ్వు చూసినంతవరకే చెప్పు."

"ఒకటి. జానెడు పొడవు. తల ఎటో తోక ఎటో తేలలేదు. వానపాము అయ్యే అవకాశం ఎక్కువ."

ఓయబ్బో, ఆ నవ్వులు! పెద్దెద్దుకి పొలమారింది. కాలవ అవతల కొంగలు లేచిపోయాయి. నవ్వుల మధ్యలోంచి గవర్రాజు చెంగున దూకి గడ్డిమేటు వెనక కంతకేసి పరుగెత్తాడు. తల దూర్చాడు. ఎదురైంది బయటి దారి కాదు, సింగన్న ముక్కు!

"రండి గవర్రాజు గారూ," అన్నాడు సింగన్న. "కళ్లు ఆనకపోతేనేం, కంతెక్కడో ఇప్పుడు తెలిసిందిగా."

కరవలేదు. మెడ మీద తోలు పట్టుకుని తీసుకొచ్చి పెద్దెద్దు కాళ్ల ముందు పెట్టాడు. ముందు గుమ్మంలోంచి, అందరూ చూస్తుండగా, గవర్రాజుని కాలవ దాటేదాకా సాగనంపారు. బంగారమ్మ గంప దిగకుండానే మెడ చాచి "వానపాము! వానపాము!" అని అరిచింది. ఆ పేరు అతన్ని కాలవ అవతల కూడా వదల్లేదట. అదే పూట కంతకి కొబ్బరి డొక్కలు కుక్కి మూసేశారు.

పెద్దెద్దు సింగన్న ముందుకొచ్చి తల వంచాడు. "తప్పైపోయింది సింగన్నా. ఒక్క ముక్క విని పన్నెండేళ్లు మర్చిపోయాం."

సింగన్న వెళ్లి గుమ్మానికి అడ్డంగా తన చోట పడుకున్నాడు. తోక మాత్రం నేలకేసి టపటప కొడుతూనే ఉంది.

అప్పుడు లేచింది పూలమ్మ మీట మీంచి. లేచి, ఒళ్లు దులుపుకుని, గంప దగ్గరికి వెళ్లి, "ఇక దిగు వదినా, నీళ్లు తాగు. చక్కగా చేశావు," అంది. తొమ్మిది గుడ్లూ వెచ్చగా ఉన్నాయి. తొమ్మిదో రోజుకి తొమ్మిది పిల్లలూ బయటికొచ్చి, సింగన్న వీపెక్కి ఆడుకున్నాయి. ఇప్పుడు ఆ మకాంలో పూలమ్మ నస అని ఎవరూ అనరు. ఎవరికి ఏం అడగాలన్నా ముందు పూలమ్మని పిలుస్తారు.

అందుకే, అన్నీ తెలిసిన పెట్టె ఇంట్లో ఉంటే చాలదు, అడగవలసింది విడమరిచి, ఓపిగ్గా అడిగేదాకా నిజం దాని కడుపులోనే ఉండిపోతుంది.